జాడీలలో వచ్చిన సముద్రం

మా మామగారు పోయిన కబురు నాకు తూత్తుకుడి లారీ డ్రైవరు చెప్పాడు. అమ్మకు కాలు బెణికిందంటే చూసుకుందామని నేను చోళపురంలో మా పుట్టింట్లో ఉన్నాను. పొద్దున వాకిలి ఊడుస్తుంటే లారీ వచ్చి ఆగింది. మిల్లు లారీకి మా వీధిలో ఏం పని అనుకుంటూ ముందుకు వెళ్లాను. అతను దిగి తలగుడ్డ విప్పి చేత్తో పట్టుకున్నాడు. ఆ తలగుడ్డ చూడగానే నాకు సగం అర్థమైంది.

"అమ్మా, పెద్దయ్య పోయినారు. పొద్దున కాఫీ తాగి కుర్చీలో కూర్చున్నవారు కూర్చున్నట్టే పోయినారంట. ఉప్పునీళ్లు దింపుదామని నేను ఇంటికి పోతే వాకిలి నిండా జనం. చిన్నయ్య నన్ను చూసి, బండి తిప్పు, పోయి అమ్మను పిల్చుకొని రా అన్నాడు. జాడీలు దింపను కూడా లేదు, అట్లనే వచ్చేసినాను."

చిన్నయ్య అంటే మా ఆయన. నేను చెప్పులు కూడా వేసుకోకుండా లారీ ఎక్కాను. వెనక గడ్డి పరిచి, మూతులకు గుడ్డ కట్టిన ఊరగాయ జాడీలు నిలబెట్టి ఉన్నాయి. వాటి నిండా సముద్రపు నీళ్లు. మామగారు చెప్పి తెప్పించుకున్న నీళ్లు ఆయన గడప దాకా వెళ్లి, ఆయన లేకపోయేసరికి నన్ను పిలుచుకుపోవడానికి వచ్చాయి.

చావు జరిగిన ఇంట్లో శవాన్ని ఎత్తగానే నిలవ నీళ్లన్నీ పారబోస్తారని మీకు తెలిసిందే. కుండ, బిందె, గంగాళం, చివరికి పిల్లలు తాగే చెంబు కూడా బోర్లిస్తారు. లారీ కదిలాక నాకు మొదట ఏడుపు రాలేదు. మామగారి కన్నాడి తొట్టి, అదే అద్దాల తొట్టి, గుర్తొచ్చింది. అందులో ఉన్నవీ నీళ్లే కదా. ఆ నీళ్లు పారబోస్తే ఆయన ఇన్నేళ్లు పెంచిన పగడం పూట గడవకుండా చచ్చిపోతుంది. ఒకే రోజున ఆయనను రెండుసార్లు పోగొట్టుకోవడం నా వల్ల కాదనిపించింది. వెనక జాడీల్లో నీళ్లు తొణుకుతున్న చప్పుడు, ఎదురుగా మంచు పట్టిన పడమటి కొండ. ఆ కాస్త దారిలో నాకు గుర్తొచ్చిన వాటినే ఇక్కడ రాస్తున్నాను.

పగడం అంటే మీకు ఉంగరంలో ఎర్రరాయి గుర్తుకు వస్తుంది. మా ఇంట్లోది అది కాదు. గోధుమరంగు రాయి, ఒళ్లంతా సన్నని గుంటలు. పగలు చూస్తే ఎవరో ఇల్లు కట్టగా మిగిలిన రాయిని నీళ్లలో పడేశారని అనుకుంటారు. పొద్దువాలేసరికి ఒక్కొక్క గుంటలోంచి ఒక్కొక్క పువ్వు లేస్తుంది. ఆకుపచ్చా కాదు, పసుపూ కాదు, ఆ రంగుకు మా ఇంట్లో ఎవరికీ పేరు తెలియదు. ఆ పువ్వులే ప్రాణాలని, రాయి వాళ్లందరూ కలిసి కట్టుకున్న ఇల్లని మామగారు చెప్పేవారు.

ఆయన మిల్లులో దూది ఏకే యంత్రాల దగ్గర మేస్త్రీగా చేశారు. దూది బేళ్లు దింపించుకోవడానికి అప్పుడప్పుడు లారీలో తూత్తుకుడి వెళ్లేవారు. అక్కడ ఒడ్డున పగడపు రాళ్లు గుట్టలుగా పోసి ఉంటాయి, బట్టీలో కాల్చి సున్నం చేయడానికి. నేను కాపురానికి వచ్చిన మరుసటి ఏడు మా ఇంటి నడవకు కొత్త గచ్చు వేయాలని సున్నం కోసం వెళ్లారు. గుట్ట పక్కన నీళ్లు నిలిచిన గుంటలో ఒక రాయి పూసి ఉంది. ఆయన ఆ గుంట పక్కనే కూర్చుండిపోయారట. లారీ మేస్త్రీ కోసం, మేస్త్రీ రాయి కోసం ఆగిపోయారు. సున్నం సంగతి మరిచిపోయి ఇంటికి వచ్చి, "కాల్చేస్తారంట. అది ఇంకా పూస్తా ఉంది, అయినా కాల్చేస్తారంట" అని అన్నం ముందు కూర్చుని చెప్పారు. మా అత్తగారు, "సున్నం ఎక్కడ?" అని అడిగారు.

మళ్లీ వెళ్లి తెస్తానన్నారు, సున్నం కాదు, ఆ రాయిని. అప్పుడు జరిగిన పొరపాటు మా ఇళ్లలోనే జరగగలదు. సముద్రపు నీళ్లంటే తీర్థం. తీర్థాన్ని మట్టికుండలో తెస్తారా? అత్తగారు ఇంట్లో ఉన్న పెద్ద ఇత్తడి బిందెలు దించి, చింతపండు పెట్టి మొహం కనపడేలా తోమి, పసుపు రాసి, కుంకుమ బొట్టు పెట్టి లారీ ఎక్కించారు. పటాలకు అద్దం బిగించే ఆయన చేత మామగారు కన్నాడి తొట్టి చేయించి ఉంచారు. బిందెల్లో నీళ్లు వచ్చాయి, రాయి వచ్చింది, వీధి వీధంతా చూడడానికి వచ్చింది. రెండో రోజుకు పువ్వులు ముడుచుకున్నాయి. తర్వాత జిగురు కారింది, వాసన వేసింది, రాయి తెల్లగా పాలిపోయింది.

"కాల్చకుండానే సున్నం చేసినాను" అన్నారు మామగారు. ఆ పూట ఆయన భోజనానికి లేవలేదు.

తర్వాత కొన్నాళ్లు దాని ఊసే ఎత్తలేదు. ఆవకాయ పెట్టే రోజులు వచ్చాయి. అత్తగారు జాడీలు కడిగి ఎండలో పెడుతుంటే ఆయన కుర్చీలోంచి లేచి వచ్చి ఒక జాడీని చేతిలోకి తీసుకుని చాలాసేపు తిప్పి చూశారు. "ఊరగాయ ఇత్తడిలో ఎందుకు పెట్టవు నువ్వు?" అన్నారు. "ఉప్పు తగిలితే చిలుము పట్టదా? విషం కాదా? అది కూడా తెలీదా?" అన్నారు అత్తగారు. అని, ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆ ఏడు మా ఇంట్లో ఆవకాయ పెట్టలేదు. జాడీలన్నీ తూత్తుకుడి వెళ్లిపోయాయి.

"ఊళ్లో అందరి ఇళ్లలో ఊరగాయ ఉంది. మా ఇంట్లో సముద్రం ఉంది. కంచంలో వేస్తాను, నంజుకోండి" అని అత్తగారు వచ్చిన వాళ్లందరికీ చెప్పేవారు. జాడీలో వచ్చిన రెండో రాయి మాత్రం బతికింది.

దాన్ని బతికించడం ఒక సంసారం. తొట్టిలోకి గాలి పోవాలి. పాత లారీ ట్యూబుకు సైకిలు పంపుతో గాలి నింపి, సన్న గొట్టంతో కొంచెం కొంచెం నీళ్లలోకి వదిలేవారు. బుడగలు ఒకదాని వెనక ఒకటి లేచేవి. పొద్దునా సాయంత్రం పంపు కొట్టడం ఆయన పని. మా ఊరి ఎండ దానికి పడదు. వేసవిలో తొట్టి చుట్టూ తడిపిన గోనెపట్టలు వేలాడదీసేవాళ్లం. మరీ మండే రోజుల్లో సోడా కొట్టు నుంచి ఐసు తెచ్చి, గాజుసీసాలో వేసి బిరడా బిగించి తొట్టిలో తేలనిచ్చేవారు. పచ్చి రొయ్య దొరికితే మెత్తగా నూరి కోడి ఈక కొసకు అంటించి పువ్వు పువ్వుకూ అందించేవారు. పువ్వు దాన్ని మెల్లగా పట్టుకుని లోపలికి లాక్కునేది. ఆ మేస్త్రీ చేతులు అంత నెమ్మదిగా ఉండగలవని మిల్లులో చెబితే నమ్మరు.

నీళ్లు తగ్గితే జాడీ విప్పేవారు కాదు. వాననీళ్లు పట్టి ఉంచిన మట్టికుండ తెప్పించేవారు. మొదట నాకు ఆశ్చర్యం వేసింది. ఆవిరయ్యేది నీళ్లే, ఉప్పు ఎక్కడికీ పోదు, అందుకని మంచినీళ్లే పోయాలని వివరించి, "సముద్రానికి కూడా వాన కావాల" అన్నారు. ఆ మాట నాతో అనలేదు. ఎవరితో అన్నారో చెప్పాలంటే మా ఇంటి పద్ధతి చెప్పాలి.

మా ఇళ్లలో కోడలు మామగారి ఎదుట నిలబడదు, నేరుగా మాట్లాడదు. తలుపు చాటున ఉండి అత్తగారితోనో పిల్లతోనో చెప్పించాలి. ఎవరూ లేకపోతే స్తంభానికి చెప్పాలి. ఆయనా అంతే. "ఇంట్లో మజ్జిగ ఉందో లేదో" అని స్తంభాన్ని అడిగేవారు. "ఉంది" అని నేను స్తంభానికి చెప్పేదాన్ని. మా ఇంటి స్తంభానికి తెలిసినన్ని సంగతులు మా ఆయనకు కూడా తెలియవు. పైగా మిల్లు మోతతో మామగారికి చెవుడు వచ్చేసింది. నేను తలుపు చాటు నుంచి మర్యాదగా మెల్లగా చెప్పేది ఆయనకు వినపడదు, గట్టిగా చెబితే మర్యాద కాదు. మొదటి ఏడాది ఆయనకు నా మీద ఏ అభిప్రాయమూ ఉండే అవకాశమే లేదు.

పగడం వచ్చాక స్తంభానికి ఉద్యోగం పోయింది. ఆయన తొట్టి ముందు ముక్కాలిపీట వేసుకుని దానితో చెప్పేవారు.

"ఏమే, ఈ పొద్దు ఎండ జాస్తి. ఎవరన్నా గోనెపట్ట తడిపితే బాగుండు."

"తడిపేసినాను అని చెప్పు" అనేదాన్ని, నేను కూడా దానితోనే.

"మంచిది, మంచిది. నీకు మంచి దిక్కు దొరికింది" అని ఆయన దాన్ని మెచ్చుకునేవారు.

వినపడాలి కాబట్టి నేను రోజు రోజుకూ తలుపు వదిలి ముందుకు జరిగాను. ఒక సాయంత్రం చూసుకుంటే తొట్టికి అవతల ఆయన, ఇవతల నేను. మధ్యలో నీళ్లు. అద్దంలోంచి ఆయన మొహం కదులుతూ, సాగుతూ, బుడగల వెనక మాయమై మళ్లీ వస్తూ కనిపించేది. ఆయనకు నా మొహమూ అలాగే కనిపించి ఉంటుంది. ఎదురుగా చూడకూడదన్న పద్ధతి నీళ్లలోంచి చూడడానికి అడ్డు రాలేదు. ఆ వెలుతురులో, ఆ నీడల్లో, మేమిద్దరం ఎక్కడో అడుగున కూర్చున్నట్టు ఉండేది. నా కాపురంలో అంత నిమ్మళమైన వేళలు వేరే లేవు.

ఆయన దానితో చెప్పినవే నేను నేర్చుకున్నాను. "తొట్టిలో చెయ్యి పెట్టే ముందర పొద్దంతా చూడాల" అనేవారు. నేను పిల్లల జ్వరాలకూ అదే పాటించాను, చాలాసార్లు మందు అవసరం రాలేదు. నా మొదటి బిడ్డ కడుపులోనే పోయిన ఏడాది నేను తొట్టి ఇవతల ఊరికే కూర్చునేదాన్ని. ఆయన ఓదార్పు మాట ఒకటీ అనలేదు. ఒకరోజు పగడం వైపు చూసి, "నువ్వు కూడా పెరగడం లేదని దిగులుపడద్దు. ఆ కొండ పెరిగేటప్పుడు మనం చూసినామా?" అన్నారు. నేను కొంగు మొహానికి కప్పుకుని లోపలికి వెళ్లి చాలాసేపు ఏడ్చాను. ఏడ్చాక ఆకలి వేసింది.

అది పెరుగుతోందో లేదో చూడడానికి నేను చేతి గాజు తీసి అద్దానికి ఆనించేదాన్ని. వచ్చినప్పుడు అది నా గాజులో ఇమిడిపోయేది. మా అమ్మాయి పుట్టేనాటికి అంచులు తగిలాయి. మా అమ్మాయికి చెవులు కుట్టించేనాటికి ఏ గాజూ పట్టలేదు.

ఆ చెవులు కుట్టే వేడుక రోజే పెద్ద గండం వచ్చింది. మామగారి అక్క, మేమంతా పెద్దత్త అనేవాళ్లం, సేత్తూరు నుంచి వచ్చారు. ఆవిడ మాటంటే మా ఇంట్లో చట్టం. తొట్టిలో ఉన్నది సముద్రపు నీళ్లని ఎవరో చెప్పారు. ఆవిడ తొట్టి దగ్గరికి వెళ్లి, నీళ్లు కళ్లకు అద్దుకుని, కొంగు ముడి విప్పి, సేతువు దగ్గర సముద్రంలో వేసినట్టు రాగి కాసులు జారవిడిచారు. చెంపలు వేసుకుని దండం పెట్టారు. నడవ నిండా పెద్దలు. మామగారు వాళ్ల మధ్య తొట్టికి వీపు పెట్టి కూర్చుని ఉన్నారు. ఇత్తడి బిందెలోంచి చిలుము తగిలితేనే మొదటిది చచ్చింది. ఇప్పుడు రాగి ఏకంగా దాని ఒడిలో పడింది. అత్తగారు వంటింట్లో ఉన్నారు. చెప్పించడానికి దగ్గర పిల్లలెవరూ లేరు, స్తంభానికి చెబితే ఆయనకు వినపడదు.

"మామా! రాగి!"

నడవలో అందరి తలలూ నా వైపు తిరిగాయి. అంత గట్టిగా నేను ఎన్నడూ అరవలేదు. మామగారు వెనక్కి తిరిగి, తొట్టి చూసి, కొత్త చొక్కా చేతులు కూడా మడవకుండా భుజం దాకా ముంచి కాసులు ఏరేశారు. పెద్దత్త మొహం ఎర్రబడింది.

"ఏంరా ఇది? కోడలు మామ ముందర నిలబడి గొంతు ఎత్తడమా? నాలుగు ఇండ్లవాళ్లు ఉండంగ?"

ఆయన నీళ్లు కారుతున్న చొక్కాతో నిలబడి, "నాతో కాదు అక్కా. కోడలు నాతో మాట్లాడదు. పగడంతో చెప్పింది" అన్నారు.

"మామా అని పిలిచింది కదరా! నా చెవులతోనే విన్నాను!"

"దాన్నే మామా అంటుంది" అన్నారు ఆయన, కనురెప్ప కూడా కదలకుండా.

వంటింటి గుమ్మంలో అత్తగారు పక్కున నవ్వారు. ఆ నవ్వుతో పెద్దలు కూడా నవ్వేశారు. పెద్దత్త మాత్రం నవ్వలేదు, మధ్యాహ్నం భోజనం అయ్యేదాకా ఎవరితోనూ మాట్లాడలేదు. పగడంలో కాసులు పడిన వైపు పాలిపోయింది, మళ్లీ పూయలేదు. రెండో వైపు చాలా నెలలు ముడుచుకుని ఉండి, వానలు పడ్డాక ఒక సాయంత్రం విచ్చుకుంది. తర్వాత మామగారు ఇంక నేరుగా మాట్లాడమని అత్తగారి చేత చెప్పించారు. నేను ప్రయత్నించాను. ఇద్దరికీ మాటలు రాలేదు. మళ్లీ తొట్టికి అటొకరం ఇటొకరం కూర్చున్నాం, హాయిగా మాటలు వచ్చాయి.

లారీ మా వీధి మలుపు తిరిగేసరికి ఆయనను ఎత్తడానికి సిద్ధంగా ఉన్నారు. నా కోసమే ఆపారు. మొహం చూశాను. మధ్యలో నీళ్లు లేకుండా, తలుపు లేకుండా, ఆయన మొహాన్ని అంత దగ్గరగా అంతసేపు చూడడం అదే మొదటిసారి. ముక్కు పక్కన ఒక పుట్టుమచ్చ ఉంది. ఇన్నేళ్లలో నాకు తెలియదు. దానికి ఎక్కువ ఏడుపు వచ్చింది.

మగవాళ్లు ఆయనను తీసుకుని వెళ్లిపోయాక ఇల్లు కడగడం మొదలైంది. కుండలు పెరట్లో పగులుతున్నాయి, బిందెలు బోర్లిస్తున్నారు. పెద్దత్త, ఆవిడ నడుము ఇప్పుడు బాగా వంగిపోయింది, గోడ పట్టుకుని నిలబడి ఒక్కొక్కటీ చూపించి చెబుతున్నారు. వేలు చివరికి తొట్టి వైపు తిరిగింది. "అవి కూడా నిలవ నీళ్లే కదమ్మా. తీట్టు, మైల తగిలినాయి. పారబోయండి." ఇద్దరు ఆడవాళ్లు బకెట్టు పట్టుకుని ముందుకు వెళ్లారు. నేను నోరు తెరిచాను.

నా మాట బయటికి రాకముందే అత్తగారు లేచారు. పొద్దుటి నుంచి ఆవిడ నోట మాట లేదట. మెల్లగా నడిచి వెళ్లి తొట్టి ముందు ముక్కాలిపీట మీద, ఆయన కూర్చునే చోట, కూర్చున్నారు.

"సముద్రానికి తీట్టు ఏంది వదినా?" అన్నారు. "ఊళ్లో ఎవరన్నా చస్తే సముద్రాన్ని పారబోసినారా?"

పెద్దత్త కొంతసేపు ఆలోచించారు. ఒకప్పుడు తానే ఆ నీళ్లకు దండం పెట్టిన సంగతి గుర్తొచ్చిందేమో. "అది నిజమే" అని, గోడ వదిలి, మెల్లగా కూర్చుండిపోయారు. బకెట్టు వెనక్కి వెళ్లింది.

అత్తగారు నా వైపు తిరిగారు. "చూస్తా నిలబడినావు ఏందమ్మా? ఆ జాడీలు దింపించు. నిన్నటి నుంచి అడుగుతానే ఉన్నారు, లారీ వచ్చిందా, లారీ వచ్చిందా అని. వచ్చినాయని చెప్పు."

ఎవరికి చెప్పాలో నేను అడగలేదు.

డ్రైవరు జాడీలు దింపి గుమ్మంలో పెట్టాడు. పొద్దుటి నుంచి ఎవరూ పంపు కొట్టలేదు, ట్యూబు మెత్తబడిపోయింది, బుడగలు ఆగిపోయాయి. నేను కొంగు బిగించి గాలి నింపాను. పాత నీళ్లు కొంత గొట్టంతో తీసి, జాడీ మూతి గుడ్డ విప్పి కొత్త నీళ్లు సన్నగా పోశాను. తూత్తుకుడి వాసన ఇల్లంతా వచ్చింది. పొద్దు వాలుతోంది. నేను ఎప్పటిలాగే ఇవతలి వైపు కూర్చున్నాను. అవతల అత్తగారి మొహం నీళ్లలో కదులుతోంది.

"మామా, నీళ్లు వచ్చినాయి" అన్నాను.

ఆయనకు చెవుడు కదా, గట్టిగానే చెప్పాను. నడవలో అందరూ విన్నారు. కాసేపటికి, రాయికి ఆ బతికిన వైపున, ఒక పువ్వు లేచింది. దాని పక్కన ఇంకొకటి. చీకటి పడేవేళకు ఆ సగమంతా పూసి, బుడగల గాలికి మెల్లగా ఊగుతోంది.